వంటింటికి కొత్త కళ... పదిహేను వేలకే!

బొంబాయి రవ్వ డబ్బా కోసం చెయ్యి పెడితే ముందు మినప్పప్పు డబ్బా వచ్చింది. దాని వెనక ఎప్పుడో కొన్న ఓట్స్. ఓట్స్ వెనక పోయినేడాది సంక్రాంతికి వాడి, ఎక్కడో ఒకచోట పెట్టేసిన జంతికల గొట్టం. అది కాస్తా జారి కాలి మీద పడింది.

'ఏవండీ... ఇక ఈ వంటింట్లో నావల్ల కాదు' అంది ఇల్లాలు.

'పోనీ, మాడ్యులర్ కిచెన్ చేయిద్దామా?' అన్నాడాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే.

సాయంత్రానికి ఒకాయన వచ్చాడు. టేపు పెట్టి కొలిచాడు. కంప్యూటర్లో బొమ్మ గీసి చూపించాడు. బొమ్మ బ్రహ్మాండం! కింద వేసిన అంకె చూశాక మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లల స్కూలు ఫీజులు, ఇంటద్దె, బండి కిస్తీ పోగా చేతిలో మిగిలేది పదిహేను వేలు. అదీ ఈ నెల ఎవరికీ జ్వరం రాకపోతే.

ఇది ఫలానావాళ్ల కథ అని కాదు. ఊహించి చెప్పిందే. కానీ కొత్తగూడ చౌరస్తా చుట్టుపక్కల ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచాక ఈ ఊరి ముఖం మారిపోయింది. పొలాలూ రాళ్లగుట్టలూ ఉన్నచోట అయిదంతస్తుల ఇళ్లు లేచాయి. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. 2023 జనవరిలో చౌరస్తా మీద ఫ్లైఓవర్ కూడా వచ్చేసింది. బయట ఇంత మారినా, ముందు తరం అపార్టుమెంట్లలో వంటిళ్లు మాత్రం కట్టిననాడు ఎలా ఉన్నాయో చాలావరకు అలాగే ఉన్నాయి. ఒక గ్రానైట్ గట్టు, దాని కింద కడపబండ అరలు, పైన రెండు చెక్క అలమరాలు, ఒక సింకు, గోడకి నాలుగు వరసల తెల్ల టైల్సు... అంతే!

మరి ఆ పదిహేను వేలతో ఏం చేయొచ్చు? చాలానే చేయొచ్చు. కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియాలి. చాలామంది చేసే పొరపాటు ఒక్కటే... రంగుతో మొదలుపెట్టడం. డబ్బంతా అందానికి పోయాక సింకు కింద నీళ్లు కారుతూనే ఉంటాయి. నడుం నొప్పి అలాగే ఉంటుంది.

మొదటి ఆదివారం... ఖర్చు సున్నా

మొదటి పని కొనడం కాదు, ఖాళీ చేయడం. వంటింట్లో ఉన్న ప్రతి వస్తువూ తెచ్చి హాల్లో పరచండి. చూశాక మీకే ఆశ్చర్యం వేస్తుంది. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, పండగలకి వచ్చిన స్టీలు గిన్నెలు, మిక్సీ పాడైనా దాచిన జార్లు, ఐస్‌క్రీం తినేసి కడిగిపెట్టుకున్న ప్లాస్టిక్ డబ్బాలు... వీటినన్నిటినీ మూడు కుప్పలు చేయండి. రోజూ వాడేవి ఒకటి. నెలకో పండక్కో వాడేవి ఇంకోటి. ఏడాదిగా ముట్టుకోనివి మూడోది.

మొదటి కుప్పకి గట్టు మీదా, నడుం నుంచి భుజం ఎత్తు దాకా ఉన్న అరల్లోనూ చోటు. రెండో కుప్ప పై అలమరాల్లోకి, అటక మీదికి. జంతికల గొట్టం, పెద్ద ఇడ్లీ పాత్ర ఇక్కడికే. బరువైనవి మాత్రం ఎప్పుడూ కిందే. రుబ్బురోలు లాంటి వెట్‌గ్రైండర్‌ని తల పైన అరలో పెట్టడం ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడమే. ఇక మూడో కుప్ప... అది ఇంట్లోంచి వెళ్లిపోవాల్సిందే. పనికొచ్చే గిన్నెలైతే ఇంకెవరికైనా ఇవ్వొచ్చు. పాత స్టీలు, ఇత్తడి అయితే తూకానికి వేస్తే నాలుగు డబ్బులు కూడా వస్తాయి.

ఈ పని అయ్యాక మళ్లీ అలమరాలు చూడండి. 'అరలు చాలడంలేదు' అన్న ఫిర్యాదు సగం ఇక్కడే తీరిపోతుంది. కొత్త అలమరా కొనే అవసరమే ఉండకపోవచ్చు.

కవర్లలో డబ్బు

ఇప్పుడు పదిహేను వేలనీ అయిదు కవర్లలో పెట్టండి. భద్రతకి మూడు వేలు. మరమ్మతులకి నాలుగు వేలు. వెలుతురు, ఎత్తు సరిచేయడానికి మూడు వేలు. రంగులూ హంగులకి మూడు వేల అయిదొందలు. మిగిలిన పదిహేను వందల కవరు మీద 'ముట్టుకోరాదు' అని రాయండి. గోడకి సుత్తి తగిలించాక లోపల ఏముందో ఎవరికి తెలుసు? అనుకోని ఖర్చు తప్పకుండా వస్తుంది. ఒక కవర్లో డబ్బు మిగిలితే పక్క కవర్లోకి మార్చుకోవచ్చు. కానీ భద్రత కవర్లోంచి తీసి రంగుల కవర్లో పెట్టకూడదు. ఇదొక్కటే షరతు.

సిలిండర్ని దాచొద్దు

అందం పేరుతో జరిగే అతి పెద్ద తప్పు ఇది. ఎర్ర సిలిండరు కంటికి బాగోలేదని గట్టు కింద పెట్టి, నిగనిగలాడే తలుపులు బిగించేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ వంటగ్యాసు గాలికంటే బరువైంది. లీకైతే పైకి లేచి కిటికీలోంచి పోదు. కిందికి దిగి నేలని అంటిపెట్టుకుని ఉంటుంది. మూసిన అరలో అయితే అక్కడే పోగవుతుంది. తెల్లారి తలుపు తీసి లైటు వేస్తే ఆ చిన్న నిప్పురవ్వ చాలు.

అందుకే సిలిండరు ఉన్న అరకి తలుపు వద్దు. తప్పదనుకుంటే తలుపు కింది భాగంలో, నేలకి ఆనుకుని గాలి ఆడేలా జాలీ ఉండాలి. సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. స్టవ్వు దానికంటే ఎత్తులో ఉండాలి. రబ్బరు పైపు ఐఎస్ఐ గుర్తున్న సురక్ష పైపే అయి ఉండాలి. పొడవు మీటరున్నర దాటకూడదు. అయిదేళ్లకోసారి తప్పనిసరిగా మార్చాలి. పైపుమీదే తేదీ ఉంటుంది, చూడండి. ఈలోపే పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చేయాలి. జిడ్డు అంటకుండా అని పైపుకి గుడ్డ చుట్టడం, రంగు వేయడం అసలు పనికిరాదు. పగులు కనపడకుండా పోతుంది.

లీకు ఉందేమో చూడాలంటే సబ్బునీళ్ల నురగ పైపు కీళ్ల దగ్గర రాయాలి. బుడగలు వస్తే లీకున్నట్టే. అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ చూడొద్దు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకండి. వేయడమే కాదు, ఆపడమూ వద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికి వచ్చాక 1906 నంబరుకి ఫోన్ చేయాలి. గ్యాసు లీకుల కోసం పెట్టిన నంబరది. ఫ్రిజ్‌కి అంటించి పెట్టుకోండి.

ఇక కరెంటు. మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇండక్షన్ పొయ్యి... అన్నీ ఒకే పలకకి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుస్తుంటే అదీ మార్చాల్సిందే. బరువైన ఉపకరణానికి 16 ఆంపియర్ల సాకెట్టు విడిగా ఉండాలి. ఇంటి మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో కనుక్కోండి. తడిచేత్తో పనిచేసే గది ఇది. కరెంటు లీకైన క్షణంలో సరఫరా ఆపేది ఆ చిన్న డబ్బానే. ఈ పనులు మాత్రం మీరు చేయొద్దు. ఎలక్ట్రీషియన్ని పిలవండి. గ్యాసూ, కరెంటూ 'మనమే చేసుకుందాం' జాబితాలోకి రావు.

ముందు కారుతున్నవి, ఊగుతున్నవి

రెండో కవరు మరమ్మతులది. సింకు చుట్టూ నల్లగా బూజు పట్టిన చార ఉంటుంది కదా... అది కడిగితే పోదు. పాత సీలెంటుని బ్లేడుతో పూర్తిగా గీకేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, బూజు పట్టని రకం సిలికాన్ సీలెంటు పూయాలి. మళ్లీ ఒక రోజు నీళ్లు తగలనీయకూడదు. అందుకే ఈ పని శనివారం రాత్రి వంట అయ్యాక మొదలుపెట్టాలి. ఆదివారం ఏ చుట్టాలింటికో వెళ్లిపోతే సరి!

సింకు కింద గొట్టం గోడలోకి వెళ్లేచోట ఖాళీ కనిపిస్తే ఎం-సీల్‌తోనో తెల్ల సిమెంటుతోనో మూసేయండి. బొద్దింకలకి అదే రాజమార్గం. ఎన్ని మందులు కొట్టినా అది మూయందే లాభంలేదు.

అలమరా తలుపు వేలాడుతోందా? బందు దగ్గర స్క్రూ పట్టు తప్పి ఉంటుంది. అగ్గిపుల్లల తలలు తీసేసి, పుల్లలకి ఫెవికాల్ రాసి ఆ రంధ్రంలో దూర్చి, ఆరాక మళ్లీ స్క్రూ బిగించండి. కొత్త తలుపులా నిలబడుతుంది. బందులే తుప్పుపట్టి ఉంటే పాతదాన్ని ఊడదీసి దుకాణానికి పట్టుకెళ్లండి. అదే కొలత దొరికితే పాత రంధ్రాల్లోనే కూర్చుంటుంది.

కొత్తగా ఒక అర చేయించక తప్పదంటే చెక్క విషయంలో జాగ్రత్త. పార్టికల్ బోర్డు చవకే. కానీ నీళ్లు తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. సింకు పక్కన అది అస్సలు పనికిరాదు. ప్లైవుడ్ అయితే దాని మీద ఉండే ముద్ర చూడండి. ఐఎస్ 710 అని ఉంటే అది మెరైన్ రకం. సింకు కింద వాడాల్సింది అదే. మామూలు ఎంఆర్ రకం హాల్లో పుస్తకాల అలమరాకి సరిపోతుంది కానీ వంటింటి తడికి ఆగదు. సామాన్లు కొనడానికి సుల్తాన్‌బజార్ దగ్గరి ట్రూప్ బజార్‌కో, సికింద్రాబాద్ రాణీగంజ్‌కో ఒక పూట వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగితే ధరల తేడా తెలుస్తుంది. స్టీలు స్టాండ్లకీ డబ్బాలకీ బేగంబజార్ ఉండనే ఉంది.

దేశంలోనే తొలి ఐకియా దుకాణం 2018 ఆగస్టు 9న తెరిచింది మన హైటెక్ సిటీ పక్కనే. విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లో మనమే బిగించుకునే పద్ధతి మన కుటుంబాల్లో చాలామంది దగ్గరగా చూసింది అక్కడే. పాశ్చాత్య దేశాల్లో పనివాళ్ల కూలి ఎక్కువ కాబట్టి ఎవరి పని వాళ్లే చేసుకుంటారు. మన దగ్గర సమస్య వేరు. రెండు స్క్రూలు బిగించడానికి కార్పెంటరు రాడు! 'పెద్ద పని ఉంటే చెప్పండి సార్' అంటాడు. అతని తప్పేం లేదు, రోజు కూలి గిట్టాలి కదా. అందుకే చిన్నపనులు మనం నేర్చుకోవాలి. పెద్దపనులన్నీ పోగుచేసి ఒకేరోజు అతన్ని పిలవాలి. ఇద్దరికీ లాభం.

నడుం చెప్పే కొలత

మూడో కవరు... అసలైన మార్పు ఇక్కడే ఉంది. చాలామంది గృహిణులు రోజూ పడే నొప్పికి కారణం గట్టు ఎత్తు. బిల్డరు అందరికీ ఒకే ఎత్తు కట్టేస్తాడు. అయిదడుగుల అత్తగారికీ, అయిదున్నర అడుగుల కోడలికీ, అప్పుడప్పుడూ దోసెలు పోసే ఆరడుగుల కొడుక్కీ అదే గట్టు!

మీకు సరైన ఎత్తు తెలుసుకోవడం సులువు. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కింద కూరలు తరిగే ఎత్తు ఉండాలి. గట్టు అంతకంటే తక్కువ ఉంటే నడుం వంగుతుంది. ఎక్కువ ఉంటే భుజాలు పైకి లేస్తాయి. స్టవ్వు దగ్గర లెక్క వేరు. స్టవ్వు ఎత్తు, దానిపైన గిన్నె ఎత్తు కలుస్తాయి కాబట్టి అక్కడ గట్టు ఇంకాస్త కిందికి ఉంటేనే సుఖం.

గ్రానైట్ గట్టుని పగలగొట్టలేం. మరేం చేయాలి? గట్టు తక్కువైతే తరిగే చెక్క కింద మందపాటి పీట వేసుకోవాలి. అది జారకుండా అడుగున రబ్బరు ముక్కలు అంటించుకోవాలి. గట్టు ఎక్కువైతే కూరలు తరగడం, పిండి కలపడం కూర్చుని చేసుకునేలా ఒక చిన్న బల్ల ఏర్పాటు చేసుకోవాలి. కాళ్లకింద పీట వేసుకుని పొయ్యి దగ్గర నిలబడటం మాత్రం వద్దు. వేడి నూనె చేతిలో ఉన్నప్పుడు కాలు జారితే అంతే సంగతులు. జొన్నరొట్టె తట్టేవాళ్లకయితే మరీ తక్కువ ఎత్తు కావాలి. భుజం బలమంతా చేతిలోకి దిగాలి కదా! అందుకే మన అమ్మమ్మలు నేలమీదే కూర్చుని రొట్టెలు చేసేవారు, కత్తిపీట ముందేసుకుని కూరలు తరిగేవారు. పొయ్యి గట్టెక్కింది కానీ మన అలవాట్లన్నీ దాంతోపాటు గట్టెక్కలేదు.

ఇక వెలుతురు. రాత్రి ఏడింటికి వంటింట్లో నిలబడి గట్టువైపు చూడండి. ట్యూబులైటు మీ వీపు వెనక గోడకి ఉంటే మీ నీడ సరిగ్గా కత్తి మీదే పడుతుంది. ఎంత పెద్ద లైటు మార్చినా అదే నీడ. పై అలమరా అడుగున, ముందు అంచుకి దగ్గరగా సన్నని ఎల్ఈడీ పట్టీ బిగిస్తే వెలుతురు నేరుగా పనిమీద పడుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. వంటింట్లో అన్నిటికంటే చవకైన మార్పు ఏదంటే ఇదే. స్టవ్వుకి నేరుగా పైన మాత్రం బిగించకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే దించి రెక్కలు కడగండి. ఏళ్ల జిడ్డుతో సగం గాలే లాగుతూ ఉండొచ్చు. వేడినీళ్లలో బట్టలసోడా కలిపి అరగంట నానబెడితే ప్లాస్టిక్ రెక్కల జిడ్డు వదులుతుంది. మోటారుకి మాత్రం తడి తగలనీయొద్దు.

వంటిల్లు మార్చాలన్న ఆలోచన కొత్తదేం కాదు

చిన్న వంటింటిని తెలివిగా తీర్చిదిద్దాలన్న ఆలోచనకి దాదాపు వందేళ్లు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మిక కుటుంబాలకి చవకగా ఇళ్లు కడుతుంటే, మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు వాటికి ఒక వంటిల్లు గీసింది. వెడల్పు ఆరడుగుల పైచిలుకు, పొడవు పదకొండడుగుల పైచిలుకు. మన అపార్టుమెంటు వంటింటికి దగ్గర చుట్టమే! ఇల్లాలు ఎన్ని అడుగులు వేస్తోంది, ఏ వస్తువు ఎక్కడుంటే ఆ నడక తగ్గుతుంది అని లెక్కగట్టి మరీ గీసిందావిడ. ఇవాళ లక్షలు పోసి చేయిస్తున్న మాడ్యులర్ కిచెన్‌కి మూలం ఆ పేదవాడి వంటిల్లే.

అంతదూరం ఎందుకు? మన హైదరాబాద్ సంగతే చూడండి. ఇక్కడి ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి.రాజు కట్టెల పొయ్యి పొగతో ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ పాడవుతున్నాయని ఒక కొత్తరకం మట్టిపొయ్యి రూపొందించారు. మంట ఒక్కటే. దానిమీద ఒకటికి మించి గిన్నెలు ఉడుకుతాయి. పొగ గదిలోకి రాకుండా గొట్టంలోంచి బయటికి పోతుంది. పరిశోధనాలయం ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలతో దానికి 'హెర్ల్ చూలా' అని పేరు. ఆ వివరాలతో 1953లో ఆయన ఇంగ్లిషులో ఒక చిన్న పుస్తకం కూడా తెచ్చారు. లక్షలాదిమందికి పొగలేని వంటిళ్లు కావాలన్నది దాని సారాంశం. అందులో ఖరీదైన వస్తువేం లేదు. మట్టి, గొట్టం, కాస్త ఆలోచన! తర్వాత 1999లో 'దీపం' పథకంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల మహిళల ఇళ్లకి గ్యాసు వచ్చింది. పొయ్యి మారింది. కానీ రాజుగారి ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది... వంటింట్లో నిలబడే మనిషికి ఏం కావాలి? మీ పదిహేను వేలు ఖర్చుపెట్టేముందు ఆ మనిషిని అడిగారా?

ఇప్పుడు రంగులు

నాలుగో కవరు తెరిచే సమయం వచ్చింది. పాత అలమరాల తలుపులు గట్టిగా ఉంటే మార్చక్కర్లేదు, రంగు వేస్తే చాలు. తలుపులు ఊడదీసి, వెనకాల నంబర్లు రాసుకోండి. లేకపోతే ఏది ఎక్కడిదో తెలియక మళ్లీ తలనొప్పి. ముందు జిడ్డంతా పోయేలా కడగాలి. ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో నెమ్మదిగా రుద్దాలి. తర్వాత ప్రైమరు ఒక పూత, ఎనామిల్ పెయింటు రెండు పలుచటి పూతలు. పూతకీ పూతకీ మధ్య డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి. తొందరపడి ఒకే మందపాటి పూత వేస్తే అది ముడతలు పడుతుంది.

ఒక హెచ్చరిక. ఇంటి రంగుల్లో సీసం పాళ్లు 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది. కాబట్టి పాత రంగుని పొడిగా గీకొద్దు. తడిపి రుద్దాలి. ముక్కుకి మాస్కు కట్టుకోవాలి. పసిపిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రోజు ఇంట్లో ఉంచకపోవడమే మంచిది. గీకిన పొట్టు తడిగుడ్డతో ఎత్తేయాలి.

టైల్సు మధ్య నల్లబడిన గీతలకి తినేసోడా ముద్ద పూసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు తెల్లబడతాయి. అప్పటికీ పోకపోతే పైపొర గీకి కొత్త గ్రౌటు నింపాలి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి కడిగేస్తే తళతళలాడుతుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. కిటికీ చిన్నదైన వంటింట్లో అది ప్రాణాలమీదికి తెస్తుంది.

కొళాయిల మీద తెల్లటి పొర మన బోరునీళ్ల, ట్యాంకరునీళ్ల పుణ్యం. నీళ్లలోని సున్నం అది. నిమ్మచెక్క రుద్దినా, వెనిగర్‌లో ముంచిన గుడ్డ పావుగంట చుట్టినా వదిలిపోతుంది. అదే నిమ్మరసం కడపబండ మీద, తాండూరు బండ మీద పడితే మచ్చపడుతుంది. అవి సున్నపురాయి జాతి. పులుపుకి కరుగుతాయి. గ్రానైట్‌కి ఆ భయం అంతగా లేదు. మీ గట్టు ఏ రాయో తెలుసుకుని మరీ రుద్దండి.

గోడకి అంటించే ప్లాస్టిక్ స్టిక్కర్లు చవకే, అందమే. స్టవ్వు వెనక మాత్రం వద్దు. వేడికి ముడుచుకుంటాయి, అంటుకుంటాయి కూడా. అక్కడ మామూలు టైల్సో స్టీలు రేకో ఉండాలి. గట్టు కింద అరలకి తలుపుల బదులు పాత నేత చీరతో కుట్టిన తెర వేయొచ్చు. చుట్టూ కొత్త కట్టడాల దుమ్ము లేచే కొత్తగూడ లాంటి చోట ఆ తెర బాగా పనికొస్తుంది. నెలకోసారి తీసి ఉతికేసుకోవచ్చు. అదికూడా సింకు వైపే. స్టవ్వు వైపు, సిలిండరు వైపు గుడ్డ వేలాడకూడదు.

గోడకి రంధ్రం పెట్టేముందు

స్టీలు స్టాండు బిగించాలని డ్రిల్లింగ్ మిషను అందుకున్నారా? ఒక్క నిమిషం! స్విచ్చుబోర్డుకి నేరుగా పైనా కిందా, కొళాయికి నేరుగా పైనా కిందా రంధ్రం పెట్టకండి. వైర్లూ పైపులూ సాధారణంగా నిలువునా అక్కడే పోతుంటాయి. టైలు మీద అయితే ముందు కాగితం టేపు అంటించి గుర్తుపెట్టండి. మిషన్లో సుత్తిదెబ్బ ఆపేసి, నెమ్మదిగా మొదలుపెడితే టైలు పగలదు. తర్వాత ప్లాస్టిక్ గిట్టీ దూర్చి స్క్రూ బిగించాలి. బోలు ఇటుకల గోడ అయితే పళ్లేల స్టాండు లాంటి బరువులు వేలాడదీయొద్దు. నేలమీద నిలబడే స్టాండు కొనుక్కోవడమే మేలు.

అద్దె ఇల్లయితే...

అద్దె ఇంట్లో ఉండేవాళ్ల బెంగ వేరు. 'మనది కాని ఇంటికి మన డబ్బెందుకు?' అన్న మాట న్యాయమే. కానీ రోజుకి మూడు నాలుగు గంటలు నిలబడే చోటు మాత్రం మనదే కదా! దీనికో మధ్యేమార్గం ఉంది. పోయేటప్పుడు పట్టుకుపోగలిగేవాటి మీదే ఎక్కువ డబ్బు పెట్టండి. స్టాండ్లు, ఎల్ఈడీ పట్టీ, తరిగే బల్ల, తెరలు అన్నీ మీవెంటే వస్తాయి. సింకు లీకు, వైరింగ్, ఎగ్జాస్ట్ ఫ్యాను లాంటివి ఇంటివి. వాటి ఖర్చు ఓనరుతో ముందే మాట్లాడండి. అద్దెలో మినహాయిస్తారేమో అడగండి. పని మొదలుపెట్టేముందు ఫొటోలు తీసి ఓనరుకి పంపండి. ఏం చేయబోతున్నారో నాలుగు ముక్కలు రాసి, 'సరే' అని రాతలోనే జవాబు తెప్పించుకోండి. ఖాళీ చేసేరోజు అడ్వాన్సులోంచి కోత పడకుండా కాపాడేది ఆ ఒక్క 'సరే'నే.

రెండో ఆదివారం సాయంత్రం

మళ్లీ మన కథలోకి వద్దాం. రెండో ఆదివారం సాయంత్రానికి ఆ ఇంట్లో పని పూర్తయింది. సిలిండరుకి తలుపు బిగించాలని ఆయన పట్టుబట్టాడు. 'అది కంటికి కనపడుతుంటేనే నాకు నిద్రపడుతుంది' అని అత్తగారు అడ్డుపడ్డారు. పైపు మీద తేదీ చూస్తే అయిదేళ్లు దాటి ఏడాదిన్నరయింది! తలుపు సంగతి అంతటితో ఆగిపోయింది. ఆ డబ్బులో కొత్త పైపు వచ్చింది, అత్తగారు కూర్చుని కూరలు తరగడానికి ఒక బల్ల వచ్చింది. తలుపులకి లేత పసుపు రంగు పిల్లలే ఎంచారు. 'ముట్టుకోరాదు' కవరు సగం ఖర్చయింది. ట్రూప్ బజార్‌లో కొన్న బందు కొలత తప్పి రెండోసారి వెళ్లాల్సి వచ్చింది మరి!

కంప్యూటర్లో చూపించిన బొమ్మలా ఉందా అంటే... లేదు. ఒక తలుపు ఇంకా కాస్త కిర్రుమంటోంది. కానీ రవ్వ డబ్బా చెయ్యి పెట్టగానే దొరికింది. కత్తి మీద నీడ పడలేదు. వంట అయ్యాక ఇల్లాలు నడుం పట్టుకుని కూర్చోలేదు. అన్నిటికంటే ముఖ్యంగా స్కూలు ఫీజు డబ్బులు బ్యాంకులో అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం కింది వాటాలో ఉండే ఓనరుగారు టీకి వచ్చారు. వంటింట్లోకి తొంగిచూసి, 'అబ్బో, ఇల్లు భలే మార్చారే!' అన్నారు. ఆ మెచ్చుకోలు వెనక వచ్చే ఏడాది అద్దె ఎక్కడ పెరుగుతుందోనని ఆలుమగలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అద్దె సంగతి కూడా ఆ రాతలో పెట్టించుకుని ఉంటే బాగుండేది!